పని చేసే చేతులు కాలకుండా ఉండాలంటే



ఈసారి మన గోడపత్రికకు పని చేసేచోట తగిలే దెబ్బల గురించి రాస్తున్నాను. ఇది మన పాఠంలో లేదు. మా పిన్ని చేతులు చూశాక సైన్సు టీచర్ గారిని అడిగి తెలుసుకున్నాను.

మా పిన్నిది మందస వైపు సవర గూడెం. జీడిపిక్కలు కోసే పనికి వెళ్తుంది. సంక్రాంతి సెలవుల్లో మా ఇంటికి వచ్చింది. అందరం చేత్తో అన్నం తింటున్నాం. పిన్ని మాత్రం చెంచా అడిగింది. నేను నవ్వాను. తరువాత చూస్తే ఆమె వేళ్ళు నల్లగా ఉన్నాయి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయింది. కూర కారం తగిలితే మంట. నవ్వినందుకు నాకు సిగ్గు వేసింది.

చేతులు ఎందుకు కాలుతాయి?

జీడిపిక్క పెంకులో చిక్కటి నూనె ఉంటుంది. అది చర్మాన్ని కాలుస్తుంది. నల్లజీడి రసం తగిలితే పుండు పడుతుందని మనందరికీ తెలుసు. మామిడికాయ సొన అంటితే మూతి పొక్కుతుంది. జీడిమామిడి, నల్లజీడి, మామిడి మూడూ ఒకే కుటుంబం చెట్లు అని టీచర్ గారు చెప్పారు. పిక్కల్ని వేయిస్తే నూనె కొంత కాలిపోతుంది గాని పొగ కళ్ళకి, ఊపిరితిత్తులకి చెరుపు. ఆవిరిలో ఉడికిస్తే పొగ తక్కువ, కాని నూనె పెంకులోనే ఉండి కోసేవాళ్ళ చేతికి అంటుతుంది.

"గ్లౌజులు వేసుకోవచ్చు కదా పిన్నీ?" అని అడిగాను.

"కిలో లెక్కన డబ్బులిస్తారమ్మా. గ్లౌజు ఏసుకుంటే ఏళ్ళు ఆడవు. తూకం తగ్గిపోతాది. ఏటి సేత్తాం?" అంది.

అంటే పిన్నికి జాగ్రత్త తెలియక కాదు. జాగ్రత్త పడితే కూలి తగ్గుతుంది. అందుకే కాలుతోంది. ఈ మాట టీచర్ గారికి చెప్పాను. ఆయన దెబ్బ తగలకుండా చూడడానికి ఒక వరస ఉంటుందని చెప్పారు.

1. ముందు ప్రమాదాన్నే తీసెయ్యాలి, లేదా తగ్గించాలి.
2. అది కుదరకపోతే మనిషికీ ప్రమాదానికీ మధ్య అడ్డు పెట్టాలి.
3. పని చేసే పద్ధతి మార్చాలి. విరామం ఇవ్వాలి, పని నేర్పాలి.
4. అన్నిటికన్నా చివర గ్లౌజులు, టోపీలు, మాస్కులు.

మనం నాలుగోదాన్నే ముందు అనుకుంటాం. మొదటి మూడూ పని ఇచ్చేవాళ్ళు చెయ్యాల్సినవి. గ్లౌజులు కూడా వాళ్ళే ఇవ్వాలి.

ఏ పనిలో ఏమి చెయ్యాలి?

జీడి పని: పెంకు కోసే పని యంత్రంతో చేయిస్తే చేతికి నూనె తక్కువ అంటుతుంది. వేళ్ళకి సరిపోయే పల్చటి గ్లౌజులు కావాలి. చేతులు కడుక్కునే టైముకి కూలి తగ్గించకూడదు. అవి లేనిచోట పనికి ముందు చేతులకి వంటనూనె రాసుకుంటారు. తినే ముందు సబ్బుతో బాగా కడుక్కోవాలి.

రాతి క్వారీ: టెక్కలి వైపు గ్రానైట్ క్వారీలు ఉన్నాయి. రాయిని తొలిచేటప్పుడు సన్నటి దుమ్ము లేస్తుంది. అందులో కంటికి కనిపించనంత చిన్న రేణువులు ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడతాయి. ఈ జబ్బు పేరు సిలికోసిస్. వస్తే నయం కాదు. ఉన్నవాళ్ళకి టీబీ కూడా తొందరగా వస్తుంది. మూతికి తువ్వాలు కట్టుకుంటే ఆ రేణువులు ఆగవు. రాయి మీద నీళ్ళు పోస్తూ తొలిస్తే దుమ్ము అక్కడే అణిగిపోతుంది.

బిల్డింగ్ పని: మన వైపు నుండి చాలామంది వలస వెళ్ళి చేసే పని ఇది. పరంజా గట్టిగా ఉండాలి, అంచులకి కంచె ఉండాలి. ఆ తరువాత బెల్టు, హెల్మెట్.

పురుగుల మందు కొట్టడం: గాలికి ఎదురుగా నిలబడి కొట్టకూడదు. చేత్తో కలపకూడదు. మధ్యలో బీడీ కాల్చకూడదు, ఏమీ తినకూడదు. ఖాళీ డబ్బాలో నీళ్ళు పట్టుకోకూడదు.

ఎవరికైనా వేడి తగిలి కాలితే వెంటనే 20 నిమిషాలు చల్లటి నీటి ధార కింద ఉంచాలి. ఐస్ పెట్టకూడదు. పేస్టు, సిరా, పసుపు రాయకూడదు. ఎక్కువ కాలితే 108కి ఫోన్ చెయ్యాలి.

మన సంగతి

కిందటి వేసవిలో మనలో కొందరు కూలికి వెళ్ళారు. ఈసారి నేనూ వెళ్దామనుకున్నాను. కొత్త చెప్పులు కొనుక్కోవాలని ఆశ. పిన్నే వద్దంది. "నా సేతులు ఇలాగయ్యాయి సాలు. నీ సేతులు రాసుకోడానికి ఉంచుకో" అంది. బాలకార్మిక చట్టం 1986లో వచ్చింది. దాన్ని 2016లో మార్చారు. 14 ఏళ్ళు నిండనివాళ్ళని కూలి పనిలో పెట్టకూడదు. 14 నుండి 18 ఏళ్ళ లోపువాళ్ళని గనుల్లో, పేలుడు పదార్థాల దగ్గర, ప్రమాదకరమైన పనుల్లో పెట్టకూడదు. నాకు 14 నిండాయి. అయినా వెళ్ళనని అమ్మతో చెప్పాను. మీరూ ఇంటికి వెళ్ళినప్పుడు చెప్పండి. ఎవరైనా బలవంతం చేస్తే 1098కి చెప్పవచ్చు.

చివరగా ఒక మనవి. మన హాస్టల్ వంటగది కూడా పని చేసేచోటే. వంట అక్క గంజి వార్చేచోట నేల జారుతోంది. పెద్ద సాంబారు గిన్నెని ఆమె ఒక్కతే చీరకొంగుతో దించుతోంది. రెండు మందపాటి గుడ్డలు, నేల మీద ఒక గోనెపట్టా, గిన్నె పట్టడానికి ఇంకొక పెద్ద మనిషి ఉంటే చాలు. ఇది మా వరసలో ఒకటి, రెండు, మూడు నంబర్లలోకి వస్తుంది. వార్డెన్ మేడమ్ గారు దయచేసి చూడాలని కోరుతున్నాను.

మనం కూడా అన్నం గంట కొట్టగానే వంటగది గుమ్మం దగ్గర తోసుకోకుండా లైనులో నిలబడదాం. వేడి గిన్నె పట్టుకున్న మనిషికి మనం చెయ్యగల సాయం అదే.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని