మీట ఆపినంత మాత్రాన

విశాఖ ఉక్కు కర్మాగారానికి 1971లో శంకుస్థాపన జరిగింది. 1992లో అది జాతికి అంకితమైంది. ఇటువంటి కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ రేయింబవళ్ళు మండవలసిందే. హఠాత్తుగా ఆగితే లోపలి లోహం గడ్డకట్టే ప్రమాదముంది. కనుక చిన్న మరమ్మతుకై విద్యుత్తును నిలపడానికి ఎవరికీ మనసొప్పదు. "రెండు నిమిషాల పనే కదా!" అన్న మాట అక్కడే పుడుతుంది.

ఆంపియరులో పదోవంతు విద్యుత్తు దేహం గుండా ప్రవహించినా గుండె లయ తప్పవచ్చు. పొడి చర్మం దానిని కొంత అడ్డుకొంటుంది. కాని సముద్రతీరపు ఉక్కపోతలో చెమటతో తడిసిన చేతికి ఆ రక్షణ ఏపాటిది?

మీట ఆపినంత మాత్రాన తీగ నిర్జీవం కాదు. కెపాసిటర్లలో విద్యుదావేశం మిగిలి ఉండవచ్చు. వేరొక మార్గాన విద్యుత్తు రావచ్చు. అన్నిటికంటె భయంకరమైనది, సంగతి తెలియని తోటి కార్మికుడు మీట మళ్ళీ వేయడం. అందువల్ల లిఖితపూర్వకమైన అనుమతి పొంది, మీటకు తాళం వేసి, తాళంచెవిని పనిచేసేవాడే తన వద్ద ఉంచుకోవాలి. పిమ్మట తీగను పరీక్షించాలి. పరీక్షాసాధనమే చెడిపోయి ఉంటే అది చూపే సున్నా మృత్యుద్వారమే. కాబట్టి పరీక్షకు ముందూ వెనుకా విద్యుత్తున్న చోట ఆ సాధనాన్ని సరిచూడాలి. తరువాతనే తీగను భూమితో సంధానించాలి. పని పూర్తయ్యాక ఆ తాళం తీయవలసినది వేసినవాడే.