రేడియోలో మన గొంతు

రేడియోలో మాట్లాడాలంటే పెద్ద చదువు కావాలా?

హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో ఒక రేడియో ఉంది. దాని పేరు బోల్ హైదరాబాద్. 'బోల్' అంటే 'మాట్లాడు'. అందులో విద్యార్థులు కార్యక్రమాలు చేస్తారు.

చదువుకున్న పిల్లలేనా? కాదు. మాచునూర్ గ్రామంలో 2008 అక్టోబరు 15న సంఘం రేడియో మొదలైంది. దాన్ని నడిపింది దళిత మహిళలు. విత్తనాల గురించి, పంటల గురించి తమ మాటల్లోనే చెప్పారు. పాటలు పాడారు.

ఇలాంటి రేడియో చుట్టుపక్కల ఊళ్ల దాకే వినబడుతుంది. ఇంటర్నెట్ రేడియో అయితే సెల్‌ఫోన్‌లో ఎక్కడైనా వినవచ్చు.

2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. బూర్గంపాడును వరద ముంచింది. ఆ కష్టం మనకన్నా బాగా ఎవరు చెప్పగలరు?

ఆలోచించండి: మన ఊరికి రేడియో వస్తే మీరు మొదట ఏం చెబుతారు? రెండు వాక్యాలు రాయండి. పదిమందిలో చదవండి.