స్మార్ట్‌ఫోన్‌కీ మామూలు సెల్లుకీ తేడా ఏంటి?

టచ్ స్క్రీన్ ఉంటే స్మార్ట్‌ఫోనే అనుకుంటారు చాలామంది. అసలు తేడా లోపలుంది. ఆండ్రాయిడ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటుంది కాబట్టి, కావాల్సిన యాప్‌లు మనమే వేసుకోవచ్చు. బటన్ల ఫోన్‌లో చాలావరకు కంపెనీ ఇచ్చినవే.

పొలంలో దీనివల్ల ఏం లాభం? మిరపకి ముడత వచ్చిందని ఫోన్‌లో చెబితే నాకు సగమే అర్థమవుతుంది. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే తెల్లనల్లి. వాట్సాప్‌లో ఫోటో పెడితే చూడగానే చెప్పొచ్చు. ఆకు అడుగు భాగం కూడా దగ్గరగా, వెలుతురులో తీయండి.

అలాగని పాత సెల్లు పారేయకండి, ఛార్జింగ్ రోజుల తరబడి ఉంటుంది. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కి దాన్నుంచే ఉచితంగా మాట్లాడొచ్చు. ఫోటో తీసి పంపే పద్ధతి కింది వీడియోలో చూపించాను.