చెవులు జాగ్రత్త, అల్లుడూ

నర్సీపట్నం

చిరంజీవి మేనల్లుడికి మీ మావయ్య ఆశీర్వదించి రాయునది.

శనివారం వస్తే నువ్వు తెల్లారేదాకా క్లబ్బుల్లోనే ఉంటున్నావన్న మాట అటు తిరిగి ఇటు తిరిగి మీ అమ్మ దాకా వచ్చింది. అప్పట్నుంచి అక్కకి అన్నం సయించడం లేదు. నువ్వు డాన్సు చేస్తున్నావని నాకు కోపం లేదు. నీ ఉత్తరం చివర్లో రాసిన ఒక్క ముక్క దగ్గరే నా ప్రాణం ఉసూరుమంది. ఆదివారం మధ్యాహ్నం దాకా చెవుల్లో గుయ్‌మంటోందన్నావే, దాని గురించే ఈ ఉత్తరం.

షికాగోలో అన్నయ్య దగ్గరున్నప్పుడు చూసిందానికీ, మాంచెస్టర్‌లో చూస్తున్నదానికీ పొంతనే లేదని రాశావు. అక్కడ పెద్ద వేదికలు, బాణసంచా, టేబులు కొనుక్కుని సీసాలు తెప్పించుకునేవాళ్ళు. మాంచెస్టర్‌లో చీకటి గది, చెమట, డీజే మొహం కూడా కనపడదు. నిజమే. కానీ ఈ సంగీతం పుట్టింది ఆ షికాగోలోనేరా. 1977లో తెరిచిన వేర్‌హౌస్ అనే క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ రికార్డులు వేసేవాడు. దాని పేరు మీదే 'హౌస్' అన్నారు. బయట తలెత్తుకు తిరగనివ్వని నల్లవాళ్ళకీ, స్వలింగ ప్రేమికులకీ ఆ నేల ఊపిరి. పక్కన డెట్రాయిట్‌లో హువాన్ అట్కిన్స్, డెరిక్ మే, కెవిన్ సాండర్సన్ టెక్నో తయారుచేశారు. అదే షికాగోలో 1979 జులై 12న బేస్‌బాల్ మైదానంలో జనం చూస్తుండగా, హౌస్‌కి మూలమైన డిస్కో రికార్డుల్ని పేల్చేశారు. కన్నచోట ఈ సంగీతానికి అంత ఆదరణ లేదు. పెంచింది ఇంగ్లండు. మీ ఊరి హాసియెండా క్లబ్బు 1982లో తెరిచారు. 1988 వేసవికల్లా కుర్రకారంతా ఆ దరువులో పడ్డారు. పొలాల్లో, గోడౌన్లలో తెల్లవార్లూ ఆడుతుంటే, 1994లో పార్లమెంటు ఒక చట్టం చేసి, ఒకే దరువు మళ్ళీ మళ్ళీ మోగే పాటలని అందులోనే రాసి, ఆ జాతరల్ని చెదరగొట్టే అధికారం పోలీసులకిచ్చింది.

అమెరికాలో 21 నిండందే మందు పొయ్యరు. చాలాచోట్ల రాత్రి రెండింటికల్లా బారు కట్టేస్తారు. ఇంగ్లండులో 18కే లోపలికి రానిస్తారు, 2005 చివర్నుంచి తెల్లార్లూ తెరిచే లైసెన్సూ దొరుకుతోంది. మా వాడు తెల్లారి ఇల్లు చేరేది బుద్ధి చెడి కాదక్కా, ఆ ఊరి వేళలే అంత అని మీ అమ్మకి చెప్పాను. కాస్త కుదుటపడింది. నువ్వొకసారి ఫోన్ చెయ్యి.

రెండు దేశాల క్లబ్బుల మధ్య అసలు తేడా తెచ్చినవాళ్ళు జమైకా వాళ్ళు. 1948 తర్వాత ఇంగ్లండుకి వలసొచ్చి, పెట్టెల మీద పెట్టెలు పేర్చి సౌండ్ సిస్టములు నడిపారు. జంగిల్, డబ్‌స్టెప్ ఆ పెట్టెల్లోంచి వచ్చినవే. అమెరికా పండగల్లో జనం వేదిక వంక చూస్తూ నిలబడతారు. బ్రిటన్ వాడు పెట్టె దగ్గరికి పోతాడు. అందుకే నువ్వు షికాగోలో ఉన్నప్పటి కంటే ఇప్పుడే నాకు ఎక్కువ భయం.

మన మైకుసెట్టు కొట్టు సంగతి నీకు తెలిసిందే. చింతపల్లి వైపు పెళ్ళిళ్ళకి ఆంప్లిఫయరు, బ్యాటరీలు, హారన్లు బస్సు టాపు మీద వేసుకుని ఘాటీ ఎక్కేవాళ్ళం. లంబసింగి చలికి రికార్డు మీద ముల్లు పెట్టే చెయ్యి వణికేది. మా పాటలు ఆగాక ఏజెన్సీ ఆడవాళ్ళు నడుములు పట్టుకుని గొలుసుకట్టి థింసా ఆడేవారు. డప్పు, తుడుము, మోరి వాయించేవాళ్ళ పక్కన కూచుని తెల్లారేదాకా చూసేవాణ్ణి. రాత్రంతా ఆడటం తప్పని నా నోట ఎలా వస్తుంది నాయనా?

అయితే నాకు పని నేర్పిన మేస్త్రి హారను ముందే నించుని 'హలో, మైక్ టెస్టింగ్' అనేవాడు. యాభై దాటేసరికి మనవరాలు తాతా అని పిలిస్తే దాని పెదాల వంక చూసి అర్థం చేసుకునేవాడు. లోపలి చెవిలో సన్నటి కణాలుంటాయి. అవి ఒకసారి చస్తే మళ్ళీ మొలవవు. 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు. మూడు డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమైపోతుంది. 100 దగ్గర పావుగంటే. నువ్వుంటున్నది ఎన్ని గంటలో లెక్క వేసుకో. బ్రిటన్‌లో శబ్దం మీద చట్టముంది, 2008 నుంచి క్లబ్బులకీ వర్తిస్తోంది. అది రాసింది బారులో పనిచేసేవాళ్ళ కోసం. టికెట్టు కొని వెళ్ళే నీ చెవులకి నువ్వే కాపలా.

మన దగ్గర మాత్రం బాగుందా? నిమజ్జనానికి ట్రాక్టరు మీద డీజే పెట్టెలు వెళ్తుంటే కిటికీలు అదురుతున్నాయి. రాత్రి పదింటి తర్వాత మోగకూడదన్న రూలు 2000 నుంచీ ఉంది. ఊరేగింపుల్లో డీజేలు వద్దని 2024 అక్టోబరులో హైదరాబాదు పోలీసులు ఆర్డరే వేశారు. ఆ ట్రాక్టరు ముందు ఆడే పిల్లల్ని చూసినా నాకు నువ్వే గుర్తొస్తావు.

ఎవరైనా మాత్ర ఇస్తే ముట్టుకోకు. లండన్‌లో ఫాబ్రిక్ క్లబ్బుని 2016లో మూయించింది ఇద్దరు 18 ఏళ్ళ పిల్లలు మత్తుమందుతో పోయిన తర్వాతే. ఈ విషయంలో నువ్వు జాగ్రత్తపరుడివి, నాకు తెలుసు. చలికి మఫ్లరు కట్టుకుంటున్నావా? ఆవకాయ అయిపోతే చెప్పు.

మళ్ళీ చెవుల దగ్గరికే వస్తున్నాను. మంచి ఇయర్‌ప్లగ్గులు కొను. డబ్బు చాలకపోతే నేను పంపుతాను. పెట్టెకి దూరంగా, గది వెనక భాగంలో నించో. గంటకోసారి బయటికి వచ్చి చెవులకి విశ్రాంతి ఇవ్వు. ఈ వారమే చెవుల డాక్టరు దగ్గరికి వెళ్ళి పరీక్ష చేయించుకో, ఆ రిపోర్టు నాకు పంపు. గుయ్‌మనడం తగ్గేదాకా క్లబ్బు వైపు వెళ్ళకు. తగ్గాక హాయిగా ఆడుకో, నేను అడ్డు చెప్పను.

ఇట్లు,
మీ మావయ్య