ఉప్పుగాలిలో కొత్త రైఫిలు

జువ్వలదిన్నె

అల్లుడూ,

వెంకటగిరి పోలీసు 9వ బెటాలియన్ నుంచి నిన్ను మన తీరానికే డ్యూటీకి పంపుతున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చాలా సంతోషం. చేతికి ఎస్.ఎల్.ఆర్. ఇచ్చారనీ, అది కోత్‌లో, అంటే ఆయుధాల గదిలో, గ్రీజు పూసి దాచిన సరుకనీ, ఇంతవరకూ ఎవరూ వాడలేదనీ కూడా చెప్పింది. ముందు ఓ వంద తూటాలు కాల్చిపారేస్తే గానీ కొత్త తుపాకి దారికి రాదని నీ తోటివాళ్లు అంటున్నారంట. ఆ మాట విన్నాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నా. ఫౌజులో నాది ఈ.ఎం.ఈ. ఆర్మరర్ పని. సర్వీసంతా ఒకరు పాడుచేసిన రైఫిళ్లు విప్పి, ఎందుకు పాడయ్యాయో చూడటంతోనే గడిచింది. అందుకే చెప్తున్నా, శ్రద్ధగా చదువు.

ఫ్యాక్టరీ గడప దాటకముందే మన రైఫిలును మామూలు తూటా కంటే ఎక్కువ ఒత్తిడి పుట్టించే తూటాతో కాల్చి పరీక్షిస్తారు. బ్యారెల్‌కు నువ్వు కొత్తగా నేర్పేదేమీ లేదు. ఒక తూటా కాల్చడం, ఒకసారి తుడవడం, మళ్లీ ఒకటి కాల్చడం అనే తంతు గురిపోటీలకు వెళ్లేవాళ్లలో ఉంది. దానివల్ల లాభముందా లేదా అని వాళ్లలో వాళ్లకే వాదన. ఏడాది ఫైరింగుకు లెక్కపెట్టి తూటాలిచ్చే పోలీసుకు ఆ గొడవ అక్కర్లేదు. కొత్త రైఫిల్లో కుదురుకోవలసినవి వేరే ఉన్నాయి. లోపల ఒకదానిమీద ఒకటి జారే ముక్కలు, స్ప్రింగులు, గ్యాస్ కొలత, గురి. మొదటి రెండూ వాడుకలో వాటంతటవే కుదురుకుంటాయి. మిగతా రెండూ నువ్వు కూర్చుని కుదర్చాలి.

నీ చేతిలో ఉన్నది ఏమిటో ముందు తెలుసుకో. 1962లో చైనాతో యుద్ధం జరిగినప్పుడు మన జవాన్లు ప్రతి తూటాకూ బోల్టు లాగే .303 రైఫిళ్లతోనే పోరాడారు. ఆ తర్వాత బెల్జియం వాళ్ల ఎఫ్.ఎన్. ఫాల్‌ను ఆధారం చేసుకుని బెంగాల్‌లోని ఇషాపూర్‌లో తయారైన 7.62 మిల్లీమీటర్ల ఎస్.ఎల్.ఆర్. వచ్చింది. 1971 యుద్ధం నాటికి అదే మన పదాతిదళం చేతి ఆయుధం. 1990లలో ఇన్సాస్ రైఫిలు రావడంతో ఇది పోలీసుల చేతికి చేరింది. బరువు నాలుగు కిలోల పైనే, మ్యాగజైనులో 20 తూటాలు. తూటా బ్యారెల్లో పోతుండగా దాని వెనకాల మండిన గ్యాస్‌లో కొంత పైనున్న చిన్న రంధ్రం గుండా వచ్చి పిస్టన్‌ను వెనక్కి కొడుతుంది. ఆ దెబ్బకు ఛాంబర్‌ను మూసి ఉంచే బ్రీచ్ బ్లాక్ లేచి వెనక్కిపోతుంది, ఖాళీ కేసు (తూటా డొల్ల) బయటపడుతుంది. స్ప్రింగు ఆ బ్లాకును మళ్లీ ముందుకు తోస్తే కొత్త తూటా లోపలికెక్కుతుంది. నువ్వు చేయాల్సింది ట్రిగ్గర్ వదిలి మళ్లీ నొక్కడమే.

విప్పబోయే ముందు ప్రతిసారీ ఎన్.ఎస్.పి., అంటే తుపాకి ఖాళీదేనని చూసుకునే జాగ్రత్త, చెయ్యాల్సిందే. మనుషులు లేని దిక్కుకు మూతి పెట్టి, మ్యాగజైను తీసి, రెండు మూడుసార్లు కాక్ చేసి, ఛాంబర్‌లోకి కంటితో చూడు. వేలు కూడా పెట్టి చూడు. ఖాళీదేనని పక్కవాడు చెప్పినా సరే.

ఆ గ్రీజు సంగతి. నిలవుంచడానికి అది మంచిదే గానీ కాల్చడానికి పనికిరాదు. కిరసనాయిల్లో తడిపిన గుడ్డతో మూలమూలలా తుడిచెయ్. కిరసనాయిలు ఆరిపోయాక ఇనుము ఒట్టిదైపోతుంది, ఈ గాలికి రాత్రికి రాత్రే ఎర్రబారుతుంది. కాబట్టి వెంటనే పొడిగుడ్డతో తుడిచి, రైఫిల్ ఆయిల్ పలచగా పట్టించు. పలచగా అంటే వేలితో రాస్తే వేలు జిడ్డు కావాలి, నూనె కారకూడదు. ఇంట్లో కొబ్బరినూనె, వేరుశనగనూనె ఉంది కదా అని రాసేవాళ్లను చూశాను. అవి కొన్నాళ్లకు బంకలా గట్టిపడి స్ప్రింగులను పట్టేస్తాయి. గ్యాస్ సిలిండరూ పిస్టనూ మాత్రం పొడిగా ఉండాలి. అక్కడ నూనె ఉంటే వేడికి మాడి మసిగట్టి పిస్టన్ కదలనీయదు. ఛాంబరూ బ్యారెలూ కూడా కాల్చే ముందు పొడిగుడ్డతో తుడవాల్సిందే.

ఇంకొకటి, దీన్ని మాత్రం అసలు మరిచిపోకు. బ్రీచ్ బ్లాకు, దాన్ని మోసే క్యారియరు, బాడీ, మూడింటి మీదా ఒకే నంబరు ఉంటుంది. బ్రీచ్ బ్లాక్ వెనకభాగం కిందికి దిగి ఆనుకునే లాకింగ్ షోల్డర్‌ను ఆయా రైఫిలుకు కొలిచి వేస్తారు. పదిమంది ఒకే దుప్పటి మీద విప్పి తుడుస్తుంటే ముక్కలు తారుమారవుతాయి. బిగిస్తే బిగుస్తాయి, తేడా తెలియదు. కొలత తప్పిన బ్లాకుతో కాలిస్తే కేసు చీలి, మంట నీ ముఖం మీదికే రావచ్చు. కూర్చున్న చోట నీ ముక్కలు నీ ముందే పెట్టుకో, బిగించాక నంబర్లు చదువు. కొత్తది బిగుతుగా ఉందని ఎమెరీ కాగితంతో రుద్దేవాళ్లు ఉంటారు, వాళ్ల మాట వినొద్దు. ఎక్కడైనా అరుగుడు గీత వింతగా కనిపిస్తే ఆర్మరర్‌కు చూపించాలిగానీ నువ్వు చెయ్యి పెట్టకూడదు.

ఇక గ్యాస్ కొలత. మొదటిసారి రేంజికి పోయినప్పుడు ఆర్మరర్‌ను పక్కన నిలబెట్టుకుని చెయ్. గ్యాస్‌ను కొలిచి వదిలే రెగ్యులేటర్ పూర్తిగా తెరిస్తే గ్యాస్ ఎక్కువభాగం బయటికే పోతుంది, కేసు సరిగ్గా ఊడదు. మ్యాగజైనులో ఒక్కో తూటా పెట్టి కాలుస్తూ, ఒక్కో గంటు మూస్తూ రా. కేసు శుభ్రంగా దూరంగా పడే గంటు దొరికాక ఇంకో రెండు గంట్లు మూసి అక్కడ ఆపు. ఆ అంకె పుస్తకంలో రాసుకో. పూర్తిగా మూసేస్తే ఎప్పుడూ ఆగదు కదా అనుకుంటారు కొందరు. ఆ దెబ్బ లోపలి ముక్కలన్నిటికీ తగులుతుంది, నీ భుజానికీ తగులుతుంది. ముందున్న గ్యాస్ ప్లగ్‌ను తిరగేసి బిగించావో, గ్యాస్ పిస్టన్ దాకానే రాదు. అప్పుడు ప్రతి తూటాకూ చేత్తో లాగాల్సిందే.

ఆగిపోయే రైఫిళ్లలో చాలావాటికి తప్పు మ్యాగజైనులోనే ఉంటుంది. మూతి అంచులు వంగాయేమో చూడు, లోపల ఇసుక దులుపు, తూటాలకు నూనె రాయకు.

ఇప్పుడు మన గాలి సంగతి. వెంకటగిరిలో వారానికోసారి తుడిచినా సరిపోయిన రైఫిలు ఇక్కడ అలా ఉండదు. తూర్పుగాలి కొడితే తుంపర కంటికి కనపడకుండానే సరుగుడు తోటల దాకా వస్తుంది. మన కిటికీ చువ్వల గతి చూశావు కదా. నవంబరులో వాయుగుండం పట్టినప్పుడు ఇనుము అసలు పొడిగానే ఉండదు. కాబట్టి ఇక్కడ ఉన్నన్నాళ్లూ రోజూ డ్యూటీ దిగగానే పైపై తుడుపు, పలచని నూనె. ఎక్కువ నూనె పెడితే ఉప్పు ఆపుతుందనుకోకు. మన ఇసుక దాన్ని పట్టుకుని, లోపల జారేచోటల్లా అరగదీస్తుంది. ఈ రైఫిలునే తీసుకున్న ఇంగ్లాండు వాళ్లు ఇసుక బాధ పడలేకే తమ దాంట్లో క్యారియరు మీద ఇసుక పోవడానికి గాడులు కోయించారు.

పడవ మీద పోయినప్పుడు సముద్రపు నీళ్లు పడితే, సిగ్గుపడకుండా ముందు మంచినీళ్లతో కడుగు. ఉప్పు మీద నూనె పూస్తే లోపల తుప్పు దాక్కుంటుంది. కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత నూనె. కాన్వాసు పటకా కూడా మంచినీళ్లలో జాడించు, ఉప్పంతా దాంట్లోనే నిలుస్తుంది. చెక్క బట్టుకు అప్పుడప్పుడూ అవిసెనూనె అరచేత్తో రుద్దు. రెక్సిన్ కవర్లో పెట్టి రాత్రంతా ఉంచకు, చెమ్మ బయటికి పోదు. ఇసుక పోకుండా మూతికి గుడ్డ కుక్కుతారు కొందరు. దాన్ని మరిచిపోయి కాల్చితే బ్యారెల్ చీలవచ్చు. అసలు కుక్కొద్దు.

ఫైరింగు అయిన రోజు మాత్రం అలసిపోయానని పడుకోవద్దు. ఆ సాయంత్రమే బ్యారెల్ తుడిచే తాడు, పుల్‌త్రూ తీయ్. తుడవడానికి 4 అంగుళాల పొడవు, 2 అంగుళాల వెడల్పు చింది (గుడ్డముక్క); నూనె పట్టించడానికి 4 అంగుళాల పొడవు, ఒకటిన్నర అంగుళాల వెడల్పు. ఛాంబర్ వైపునుంచి వేసి మూతివైపు ఒక్క లాగులో లాగాలి, మధ్యలో ఆపకూడదు. తాడు మూతి అంచుకు రాసుకోకుండా తిన్నగా లాగు. అంచు అరిగితే గురి తప్పుతుంది, ఆ నష్టాన్ని మళ్లీ పూడ్చలేం. మరుసటి రోజూ ఆ మర్నాడూ మళ్లీ తుడువు. శుభ్రమైందనుకున్న బ్యారెల్ నుంచి మసి ఇంకా వస్తుంది.

గురి కుదిరిందంటే తుపాకి ఒక్కటే కుదిరిందని కాదు. నీ చెంప ఆనే చోటు, నీ ఊపిరి, నీ కన్ను కలిస్తేనే గ్రూపు, అంటే తూటాల గుంపు, ఒకచోట పడుతుంది. ముందు ఐదు తూటాలు ఒక దగ్గర పడనీ, గురి జరపడం ఆ తర్వాత. ఒక్క తూటా దారి తప్పిందని ఫోర్‌సైట్ తిప్పేవాడికి ఎప్పటికీ గురి కుదరదు. ఇంకొకడు తన కంటికి జీరో చేసిన (గురి కుదుర్చుకున్న) రైఫిలును నీదనుకుని ఎత్తుకోకు.

2008లో ముంబయికి ఉగ్రవాదులు వచ్చింది సముద్రం మీదనే. ఆ తర్వాతే తీరం కాపలా మీద ఇంత పట్టింపు వచ్చింది. నువ్వు కాపలా కాసేది మన పట్టపుపాళెం పిల్లలు తిరిగే ఒడ్డు. ఆ రైఫిలుతో నువ్వు ఎప్పటికీ కాల్చకుండానే రిటైరవ్వాలని నా కోరిక. కానీ ఎత్తిన రోజున అది పలకాలి.

డ్యూటీలో చేరాక రెగ్యులేటర్ ఏ గంటు మీద కుదిరిందో, మొదటి గ్రూపు ఎంత వెడల్పు పడిందో నాకు ఫోన్ చేసి చెప్పు. చింది కోసం మీ అత్త ఉతికిన పాత ఫ్లానెల్ గుడ్డలు కోసి కట్టగట్టి పెట్టింది. ఆదివారం భోజనానికి వచ్చి తీసుకెళ్లు.

మీ మామ