మలుపు దగ్గరి కంచె

పల్లె పొలిమేరలో దారి మలుపు తిరిగే చోట ఒక జొన్నచేను. గట్టు మీద సర్కారు తుమ్మ గుబురుగా పెరిగి, దాని కొమ్మలు తారురోడ్డుపైకి వంగి ఉంటాయి. చేలోనుండి రోడ్డెక్కే ట్రాక్టరుకు ఎదురుగా వచ్చే బస్సు కనిపించదు. బస్సుకు ట్రాక్టరు కనిపించదు. సైకిలుపై కళాశాలకు వెళ్లే విద్యార్థికి రెండూ కనిపించవు. ఇటువంటి మలుపులు తెలుగునాట కొత్త కావు. ప్రమాదం జరిగిననాడు జనం డ్రైవరును నిందిస్తారు. ఆ కంప ఎవరిదని అడిగేవారు తక్కువ.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే వాహనం సెకనుకు సుమారు 17 మీటర్లు సాగుతుంది. అపాయాన్ని చూసి, గ్రహించి, బ్రేకుపై కాలు మోపడానికి రెండున్నర సెకన్లు పడుతుందని రహదారి నిపుణులు లెక్కకడతారు. అంతలోనే బండి 40 మీటర్లు దాటిపోతుంది. ఆ వేగంలో వాహనం ఆగడానికి డ్రైవరుకు 80 మీటర్ల మేర దారి కనిపించాలన్నది ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. కంప అడ్డమై 30 మీటర్లే కనిపిస్తే, అతడెంత నేర్పరి అయినా బ్రేకు వేసే వ్యవధి సైతం చిక్కదు.

"నేనేమీ చేయలేదు, అది తానుగా మొలిచింది" అన్నది భూయజమాని సహజంగా చెప్పే సమాధానం. అందులో అసత్యం లేదు. కాని 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ చేసిన పనితో పాటు చేయక మానిన పనిని కూడా పరిగణిస్తుంది. తన స్వాధీనంలోని ఆస్తి విషయంలో తగిన జాగ్రత్త వహించక, బహిరంగ మార్గంలో ఇతరులకు అపాయం గాని ఆటంకం గాని కలిగించినవారికి 5,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఈ జరిమానా 200 రూపాయలకు మించలేదు. దారిలోని అక్రమమైన అడ్డును తొలగించమని ఆదేశించే అధికారం కార్యనిర్వాహక మేజిస్ట్రేటుకు కూడా ఉంది.

ఇంగ్లండులో ఈ విషయం మరింత స్పష్టం. అక్కడి 1980 నాటి రహదారుల చట్టం డ్రైవర్ల చూపుకు అడ్డువచ్చే కంచెను, చెట్టును, పొదను పేరుపెట్టి చెబుతుంది. నోటీసు అందిన 14 రోజులలో యజమాని వాటిని కత్తిరించాలి. లేనిచో అధికారులే ఆ పని చేయించి ఖర్చు రాబట్టుకుంటారు. మన 285వ సెక్షన్‌లో చూపు అన్న మాట విడిగా లేదు. 'అపాయం' అన్న విశాల పదంలోనే దానిని వెదుక్కోవాలి.

అడ్డు తొలగించడమంటే చెట్టును మొదలంటా నరకడం కాదు. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి సాధారణంగా అనుమతి కావాలి. మలుపు వద్ద చూపుకు అడ్డమైన కొమ్మలను కోస్తే, పైనున్న నీడ అలాగే ఉంటుంది.

ఇక ఆ తుమ్మ రైతు గట్టుపై కాక, రోడ్డు అంచున ఉన్న ప్రభుత్వ స్థలంలో పెరిగితే? అప్పుడు రైతును నిందించడం న్యాయం కాదు. 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 198ఎ సెక్షన్ ప్రకారం, రహదారి భద్రతా ప్రమాణాలను పాటించవలసిన అధికారులు గాని గుత్తేదారులు గాని విఫలమై, అందువల్ల మరణమో వైకల్యమో సంభవిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా పడుతుంది. నిధులు లేవన్న సాకు చెల్లదని 1980లోనే రత్లాం పురపాలక సంఘం వ్యాజ్యంలో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ వ్యాజ్యం మురుగుకాలువల గురించినది.