పిల్లల్లోని ప్రతిభ అల్లాహ్ అమానతు

సంతానం అల్లాహ్ ప్రసాదించిన అనుగ్రహం. అదే సమయంలో అది మన చేతుల్లో ఉంచబడిన అమానతు కూడా. ప్రతి ఒక్కరూ సంరక్షకులేనని, తమ సంరక్షణలో ఉన్నవారి గురించి ప్రతి ఒక్కరినీ ప్రశ్నించడం జరుగుతుందని మహాప్రవక్త (స) హెచ్చరించారు. కనుక పిల్లలకు తిండి, బట్ట, ఫీజు సమకూర్చినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు.

నాగోల్ నుండి దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళితే దారి పొడవునా కోచింగ్ సెంటర్ల బోర్డులే కనిపిస్తాయి. వాటి నిండా ర్యాంకులు, ఫోటోలు. మన ఇళ్లలోనూ చిన్న పిల్లవాణ్ణి బంధువుల ముందు నిలబెట్టి "పెద్దయ్యాక ఏమవుతావు బేటా?" అని అడుగుతాం. డాక్టరు అంటే మురిసిపోతాం. కానీ "నిన్ను పుట్టించింది ఎవరు? ఎందుకు పుట్టించాడు?" అని అడిగే ఇళ్లు ఎన్ని?

ఇక్కడ రెండు విషయాలను వేరుచేసి చూడాలి. ఒకటి జీవిత లక్ష్యం, రెండోది ప్రతిభ. లక్ష్యం అందరికీ ఒక్కటే. జిన్నులను, మానవులను తన దాస్యం కోసమే సృష్టించానని అల్లాహ్ దివ్యఖుర్ఆన్‌లోని జారియాత్ సూరాలో తెలియజేశాడు. ప్రతిభ మాత్రం అందరికీ ఒకేలా ఇవ్వలేదు. కొందరికి కొందరిపై ఆధిక్యతను ఇచ్చింది పరీక్షించడానికేనని అన్ఆమ్ సూరాలో ఉంది. ఈ రెంటినీ కలిపేసి ర్యాంకునే లక్ష్యంగా నూరిపోస్తే, ర్యాంకు పోయిన రోజు జీవితమే పోయిందని పిల్లలు భావిస్తారు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వెలువడ్డాక ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. ఆ తల్లిదండ్రుల శోకాన్ని తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

మహాప్రవక్త (స) పిల్లల్లోని ప్రతిభను ఎలా గుర్తించారో చూడండి. హజ్రత్ జైద్ బిన్ సాబిత్ (రజి) తండ్రిలేని బాలుడు. హిజ్రత్ నాటికి ఆయన వయసు సుమారు పదకొండేళ్లు. బద్ర్ యుద్ధానికి వెళ్లాలని ఎంతో ఆశపడినా, చిన్నవాడని అనుమతి లభించలేదు. అయితే ఆ బాలుని జ్ఞాపకశక్తిని, చదువు మీది ఆసక్తిని దైవప్రవక్త (స) గమనించారు. యూదుల లిపి నేర్చుకోమని ఆదేశించారు. పదిహేను రోజుల్లోనే ఆయన నేర్చేసుకున్నారు. తర్వాత వహీ లేఖకులయ్యారు. హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో ఖుర్ఆన్‌ను ఒకచోట సేకరించే మహత్కార్యం ఆయనకే అప్పగించబడింది. ఒక ద్వారం మూసుకున్నా మరో ద్వారం తెరుచుకుంది.

హజ్రత్ అబూ మహ్‌జూరా (రజి) వృత్తాంతం ఇంకా ఆశ్చర్యకరమైనది. ఆయన ఇస్లాం స్వీకరించక ముందు, తోటి కుర్రాళ్లతో కలిసి అజాన్‌ను ఎగతాళిగా అనుకరించారు. దైవప్రవక్త (స) ఆ కుర్రాణ్ణి పిలిపించారు. దండించలేదు. ఆ గొంతులోని మాధుర్యాన్ని గుర్తించి, స్వయంగా అజాన్ నేర్పారు, దువా చేశారు, మక్కాలో ముఅజ్జిన్‌గా నియమించారు. మనం "అల్లరి వెధవ" అని కసురుకునే పిల్లవాడిలో ఏ వరం దాగి ఉందో ఎవరికి తెలుసు?

ఈ విషయంలో ఆడపిల్లలకు మినహాయింపు లేదు. హజ్రత్ షిఫా బింతె అబ్దుల్లాహ్ (రజి) విశ్వాసుల మాత హజ్రత్ హఫ్సా (రజి)కి రాయడం నేర్పారు.

మన హైదరాబాద్‌లోనే ఒక ఉదాహరణ ఉంది. 1908లో ఇక్కడ జన్మించిన డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లాహ్ జామియా నిజామియాలో, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదివారు. అల్లాహ్ ఆయనకు భాషలు నేర్చే శక్తినిచ్చాడు. ఆ శక్తిని ఆయన ధర్మసేవకే అంకితం చేశారు. 1959లో ఖుర్ఆన్‌ను ఫ్రెంచి భాషలోకి అనువదించారు. 2002లో మరణించేదాకా నిరాడంబరంగానే జీవించారు.

మరి ఇంట్లో ఏం చేయాలి? లుఖ్మాన్ (అలై) తన కుమారునికి చేసిన ఉపదేశంలోని క్రమమే మనకు మార్గదర్శకం. మొదట తౌహీద్, తర్వాత ఆవగింజంత పనినైనా అల్లాహ్ వెలికితీస్తాడనే ఎరుక, ఆ పిమ్మట నమాజు, సహనం, వినయం. మాటలు వచ్చే వయసులోనే "నీకు కళ్లు ఎవరిచ్చారు? ఈ గొంతు ఎవరిచ్చారు?" అని అడుగుతూ ఉండండి. ఏడేళ్లకు నమాజు చేయమని చెప్పండి. పిల్లలు దేనిలో లీనమై ఆకలి మరిచిపోతారో గమనించండి. అన్నదమ్ములతో, పక్కింటి పిల్లలతో పోల్చకండి.

ప్రతి ప్రతిభకూ ఒక చిన్న సేవను జతచేయండి. గొంతు బాగుంటే నానమ్మకు రోజూ ఖుర్ఆన్ వినిపించమనండి. లెక్కలు బాగా వస్తే జకాత్ లెక్క వేసేటప్పుడు పక్కన కూర్చోబెట్టుకోండి. చేతిపనిలో నేర్పుంటే మస్జిదులో చిన్నచిన్న మరమ్మతుల్లో పెద్దలకు సాయపడమనండి. ఇతరుల బాధకు కరిగిపోయే మనసుంటే జబ్బుపడిన పొరుగువారికి జావ గిన్నె ఆ చేత్తోనే పంపండి.

పొగిడేటప్పుడు "మాషా అల్లాహ్, ఇది నీకు అల్లాహ్ ఇచ్చాడు" అనండి. తన సంపద తన జ్ఞానంతో వచ్చిందని ఖారూన్ విర్రవీగాడు, భూమిలోకి కూరుకుపోయాడు. హజ్రత్ సులైమాన్ (అలై) తనకు దక్కినది ప్రభువు అనుగ్రహమని, తన కృతజ్ఞతకు పరీక్షయని గ్రహించారు. మన పిల్లలు ఎవరి బాటన నడుస్తారన్నది మన మాటల మీదే చాలావరకు ఆధారపడి ఉంటుంది.

మార్కులు తగ్గిన రోజు కూడా పిల్లల్ని దగ్గరకు తీసుకోండి. అల్లాహ్ వారిని వృథాగా పుట్టించలేదని చెప్పండి. చదువులో శ్రమించమనండి, ఫలితాన్ని ఆయనకు వదిలేయమనండి. మన సంతానాన్ని మన కంటి చలువగా చేసి, వారిలో ఉంచిన అమానతును గుర్తించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.